పని మధ్యలో సర్వీసు ఆగిపోకుండా: లైనక్స్‌లో ఐడిల్ ఎగ్జిట్ సరిగ్గా రాసుకోవడం ఎలా

ఎవరైనా పిలిస్తే లేచి, పని లేనప్పుడు తనంతట తానే ఆగిపోయే (ఐడిల్ ఎగ్జిట్ అంటే ఇదే) సర్వీసులు, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములు, రాసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "మా సర్వీసు పని నడుస్తుండగానే ఆగిపోతోంది. జర్నల్లో (సిస్టమ్ లాగ్‌లో) ఎర్రర్ లేదు, ఎగ్జిట్ కోడ్ సున్నా. ఏం చేయాలి?" అలా అడిగేసరికే చాలామంది, ఎంతసేపు ఖాళీగా ఉంటే ఆగాలో చెప్పే టైమౌట్‌ని 30 సెకన్ల నుంచి 300కి పెంచేసి ఉంటారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఓ పెద్ద ఫైలు వచ్చిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

టైమౌట్ పెంచడం దీనికి మందు కాదు. ఎంతసేపు ఎవరూ పిలవలేదన్నది కాదు, చేతిలో ఇంకా ఏమైనా ఉందా అన్నదే సర్వీసు చూసుకోవాల్సింది. టేబుళ్లన్నీ ఖాళీ అయ్యాయి కదా అని, వంటింట్లో పార్సిల్ ఆర్డరు పొయ్యి మీద ఉండగానే హోటలు షట్టర్ దించేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఉదాహరణగా ఒక సర్వీసు అనుకుందాం. స్కాన్ చేసిన తెలుగు పేజీలను సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) ద్వారా తీసుకుని, టెసరాక్ట్‌ని (బొమ్మలోని అక్షరాలను గుర్తించే ప్రోగ్రాం) చైల్డ్ ప్రాసెస్‌గా, అంటే తన కింద మొదలయ్యే ప్రాసెస్‌గా, నడిపి, అక్షరాలను ఫైల్లో రాసిపెడుతుంది. క్లయింటు పేజీలు ఇచ్చేసి కనెక్షన్ మూసుకుని వెళ్లిపోతాడు. 400 పేజీల పుస్తకం లోపల నడుస్తూనే ఉంటుంది. కనెక్షన్లు మాత్రమే చూసుకునే సర్వీసుకి ఇది ఖాళీగా ఉన్న సమయంలాగే కనిపిస్తుంది.

సిస్టమ్‌డి (సర్వీసులను మొదలుపెట్టి, ఆపి, కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం) ఉన్న ఏ లైనక్స్ డిస్ట్రోకైనా (డెబియన్, ఉబుంటు, ఫెడోరా) ఇది వర్తిస్తుంది. సెట్టింగుల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. యూనిట్ ఫైల్లో (సర్వీసు సెట్టింగులుండే ఫైలు) మాత్రం మ్యాన్ పేజీలో (మాన్యువల్‌లో) ఉన్న స్పెల్లింగునే, పెద్దక్షరాలతో సహా, అలాగే కొట్టండి.

1. ముందు రోగం ఇదేనా అని తేల్చుకోండి

సర్వీసు ఆగిన వెంటనే "సిస్టమ్‌సీటీఎల్ షో" కొట్టి రిజల్ట్, ఎగ్జెక్‌మెయిన్‌స్టేటస్ విలువలు చూడండి.

- రిజల్ట్ సక్సెస్, స్టేటస్ 0: ఎవరూ చంపలేదు, తనే వెళ్లిపోయింది. ఈ వ్యాసం మీకోసమే.
- ఊమ్-కిల్: మెమరీ చాలలేదు. ఐడిల్ కోడ్ జోలికి వెళ్లకండి.
- టైమౌట్: మొదలవడానికో, ఆగడానికో ఇచ్చిన గడువు దాటింది.
- వాచ్‌డాగ్: బతికే ఉన్నానని సర్వీసు వేళకి చెప్పలేదు. ఈవెంట్ లూప్ (వచ్చే పనుల కోసం కనిపెట్టుకుని ఉండే కోడు) ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.
- స్టార్ట్-లిమిట్-హిట్: డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలవనివ్వరు. ఆగుతూ లేస్తూ ఆ హద్దు దాటింది.

ఎస్‌ఎస్‌హెచ్ నుంచి లాగౌట్ అయినప్పుడే ఆగిపోతోందంటే అది వేరే కథ. అది యూజర్ సర్వీసు (ఒక యూజర్ పేరు మీద మాత్రమే నడిచేది) అయ్యుంటుంది. యూజర్ చివరి సెషన్ ముగిశాక కాసేపటికి అతని సర్వీసులను నడిపే యూజర్ మేనేజర్ కూడా ఆగిపోతుంది. "లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్" ఒక్కసారి కొడితే సరిపోతుంది, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

2. సర్వీసు చేతిలో ఏమేం ఉంటాయో కాగితం మీద రాయండి

కోడ్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. దీన్ని దాటేసినవాళ్లే తర్వాత వారాల తరబడి డీబగ్ చేస్తుంటారు.

కనెక్షన్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి ఇవి:

- నడుస్తున్న చైల్డ్ ప్రాసెస్‌లు
- క్యూలో ఉండి ఇంకా మొదలుకాని పనులు
- తయారైనా సాకెట్లోకి పూర్తిగా వెళ్లని జవాబులు
- ఫైల్ లాకులు, మౌంట్లు, లూప్ డివైజులు
- రన్‌టైమ్ డైరెక్టరీలోని తాత్కాలిక ఫైళ్లు
- "పది నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నించు" అని పెట్టుకున్న టైమర్లు

ఒక్కొక్కదాని పక్కనా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ క్షణాన ప్రాసెస్ పోతే దీనికేమవుతుంది? కెర్నల్ శుభ్రం చేసేస్తే, దానివల్ల ఎవరికీ నష్టం లేకపోతే, వదిలేయండి. తెరిచి ఉన్న లాగ్ ఫైలు అలాంటిదే. పని పాడవుతుందంటే అది ఉన్నంతసేపూ సర్వీసు ఆగకూడదు. సర్వీసు పోయినా ఆ వస్తువు బయట బతికే ఉంటుందంటే, దాన్ని మళ్లీ వెతికి పట్టుకునే దారి రాయండి, లేదా అది ఉన్నంతకాలం మీరూ ఉండండి.

సిస్టమ్‌డి సొంత సర్వీసులే దీనికి మంచి పాఠాలు. హోస్ట్‌నేమ్‌డి (మెషీన్ పేరు చూసేది) దగ్గర పట్టుకుని ఉండాల్సింది ఏమీ లేదు, 30 సెకన్లు ఎవరూ పిలవకపోతే వెళ్లిపోతుంది. ఇంపోర్ట్‌డి (ఇమేజీలు దించుకునేది) నడుస్తున్న ట్రాన్స్‌ఫర్ల పట్టిక ఖాళీ అయితేనే ఖాళీగా ఉన్నట్టు లెక్క వేసుకుంటుంది. మెషీన్‌డి (కంటైనర్లు, వర్చువల్ మెషీన్ల లెక్క చూసేది) దగ్గర కంటైనర్లు వేరే స్కోపుల్లో (సిస్టమ్‌డి విడిగా చూసే ప్రాసెస్ గుంపులు) నడుస్తాయి, అది ఆగినా అవి చావవు. అయినా ఒక్క మెషీన్ నమోదై ఉన్నా అది కదలదు.

మన ఉదాహరణలో చైల్డ్ సంగతి మరీ ప్రమాదకరం. కిల్‌మోడ్ (ఆగేటప్పుడు ఏ ప్రాసెస్‌లను చంపాలో చెప్పే సెట్టింగు) డిఫాల్ట్ "కంట్రోల్-గ్రూప్". మెయిన్ ప్రాసెస్ మర్యాదగా సున్నాతో వెళ్లిపోయినా, అదే సీగ్రూపులో (సర్వీసు ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపు) మిగిలిన ప్రతి ప్రాసెస్‌కీ సిస్టమ్‌డి సిగ్‌టర్మ్ (ఆగమనే సిగ్నల్) పంపుతుంది, వినకపోతే సిగ్‌కిల్ (బలవంతంగా చంపేది). 212వ పేజీ దగ్గరున్న టెసరాక్ట్ అక్కడే పోతుంది. రన్‌టైమ్‌డైరెక్టరీ సెట్టింగు వాడి ఉంటే, సర్వీసు ఆగగానే ఆ డైరెక్టరీని కూడా తుడిచేస్తుంది. సగం రాసిన ఫైళ్లు కూడా దొరకవు. "ఎర్రర్ లేదు" అనడానికి కారణం ఇదే: సిస్టమ్‌డి దృష్టిలో ఇక్కడ ఏ తప్పూ జరగలేదు.

3. కౌంటర్ పెట్టకండి, పట్టిక పెట్టండి

పని మొదలైతే ఒకటి కలపడం, ముగిస్తే ఒకటి తీయడం. అందరికీ మొదట తట్టేది ఇదే. డెమోలో బాగుంటుంది. ఎర్రర్ దారిలో ఒకచోట తీయడం మర్చిపోతే సర్వీసు ఎప్పటికీ ఆగదు. క్లయింటు తెగిపోయినప్పుడొకసారి, పని రద్దయినప్పుడొకసారి తీసేస్తే లెక్క ముందే సున్నాకి వచ్చి, వేరెవరి పనో మధ్యలో పోతుంది. రెండు సందర్భాల్లోనూ మీ చేతిలో ఉండేది ఒక అంకె. అది ఎవరిదో చెప్పదు.

బదులుగా పట్టిక. ఒక్కో వరుసలో నాలుగు సంగతులు చాలు: గుర్తింపు సంఖ్య, రకం (కనెక్షన్, చైల్డ్, క్యూ, జవాబు), ఎవరి కోసం, ఎప్పుడు మొదలైంది. ఒకే వరుసను రెండుసార్లు తీసేసినా నష్టం లేదు. పట్టిక ఖాళీ అయితేనే సర్వీసు ఖాళీ.

వరుస తీసేసే కోడ్ ఒకే చోట ఉండాలి. పైథాన్‌లో విత్ బ్లాకు, గోలో డిఫర్, సీలో క్లీనప్ ఆట్రిబ్యూట్ ఈ పని చేస్తాయి. జీలిబ్‌లో జీ-అప్లికేషన్ వాడేవాళ్లకి హోల్డ్, రిలీజ్ అని సిద్ధంగా ఉన్నాయి. అయితే అవీ లోపల కౌంటరే. జతలు తప్పితే పైన చెప్పిన తిప్పలే.

పట్టికలో ఎప్పుడు రాయాలన్నది ఇంకా ముఖ్యం. టెసరాక్ట్ మొదలైనప్పుడు రాస్తే ఆలస్యమైనట్టే. క్లయింటుకి "తీసుకున్నాను" అని జవాబు పంపకముందే రాయాలి. ఆ మాటకీ చైల్డ్ మొదలవడానికీ మధ్య క్యూ ఉంది, టైమర్ మోగితే ఆ సందులోనే మోగుతుంది.

చేతులు మారేటప్పుడు కూడా అంతే. పని ముగిసి జవాబు రాయడం మొదలవుతుంటే, ముందు జవాబు వరుసను చేర్చండి, ఆ తర్వాతే పని వరుసను తీయండి. ఈ క్రమం తిరగబడితే మధ్యలో ఒక్క క్షణం పట్టిక ఖాళీగా కనబడుతుంది. మల్టీ థ్రెడ్ ప్రోగ్రాముకి ఆ ఒక్క క్షణం చాలు.

4. టైమర్

- పట్టిక ఖాళీ అయిన క్షణం నుంచే టైమర్ మొదలవ్వాలి. చివరి మెసేజ్ వచ్చిన సమయం నుంచి కాదు.
- కొత్త వరుస చేరగానే టైమర్ రద్దు.
- మోగినప్పుడు పట్టికను మళ్లీ చూడాలి. ముందు చూసిందాన్ని నమ్మకూడదు.
- మోనోటోనిక్ గడియారమే (ముందుకే తప్ప వెనక్కి, ఉన్నట్టుండి దూకని లెక్క) వాడాలి. గోడ గడియారం (మామూలు తేదీ, సమయం) వాడితే, ఎన్‌టీపీ నెట్ ద్వారా టైమ్ సరిచేసినప్పుడు పది నిమిషాలు ఒక్కసారిగా గడిచిపోయినట్టు అవుతుంది.
- సర్వీసు లేచీ లేవగానే కూడా టైమర్ నడవాలి. ఎవరో చేత్తో స్టార్ట్ చేసి వదిలేస్తే, ఒక్క పనీ రాకపోతే, అది ఊరికే కూర్చుని ఉండకూడదు.

చివరిదానికి ఒక మెలిక ఉంది. లేచాక పాత పనులను డిస్కు నుంచి చదివి గుర్తు తెచ్చుకునే సర్వీసైతే, ఆ చదవడం పూర్తయ్యేదాకా "రికవరీ" అనే వరుసను పట్టికలో ఉంచండి. లేకపోతే డిస్కు నెమ్మదిగా ఉన్న రోజున, చదవకముందే ఖాళీ అనుకుని వెళ్లిపోతుంది.

ఎన్ని సెకన్లు పెట్టాలి? పల్స్ ఆడియో (శబ్దం చూసుకునే సర్వీసు) డిఫాల్ట్‌గా చివరి క్లయింటు వెళ్లాక 20 సెకన్లు ఆగుతుంది. పట్టిక సరిగా ఉంటే ఈ అంకెతో పెద్ద తేడా రాదు. మళ్లీ లేవడానికి ఎంత ఖర్చో చూసుకుని పెట్టండి. లేచిన ప్రతిసారీ పెద్ద మోడల్ ఫైలు మెమరీలోకి ఎక్కించుకునే సర్వీసైతే నన్నడిగితే ఐడిల్ ఎగ్జిటే వద్దు, తీసేయండి.

5. ఆగేటప్పుడు పాటించాల్సిన వరుస

అసలు చిక్కంతా ఇక్కడే. "ఖాళీ" అని తేల్చుకున్నాక ప్రాసెస్ నిజంగా ముగిసేలోపు ఎవరో ఒకరు తలుపు తడతారు. రోజుకి పది పిలుపులొచ్చే మెషీన్‌లో ఇది ఎప్పుడోగానీ కనబడదు. వేలల్లో వస్తే రోజూ కనబడుతుంది.

సాకెట్ యాక్టివేషన్‌లో, అంటే సాకెట్‌కి కనెక్షన్ రాగానే సిస్టమ్‌డి సర్వీసుని లేపే పద్ధతిలో (యాక్సెప్ట్=నో: కనెక్షన్లను సర్వీసే తీసుకుంటుంది), మనకో వెసులుబాటు ఉంది. వినే సాకెట్ అసలు కాపీ సిస్టమ్‌డి దగ్గరే ఉంటుంది, మనకి 3వ నంబరు డిస్క్రిప్టర్‌గా ఇంకో కాపీ అందుతుంది. మనం వెళ్లిపోయినా, యాక్సెప్ట్ చేయని కనెక్షన్ కెర్నల్ బ్యాక్‌లాగ్‌లో (ఎదురుచూసే కనెక్షన్ల క్యూ) అలాగే ఉంటుంది. సిస్టమ్‌డి దాన్ని చూసి సర్వీసుని మళ్లీ లేపుతుంది. క్లయింటుకి కాస్త ఆలస్యం తప్ప ఏమీ తెలియదు. యాక్సెప్ట్ చేసేశాక వెళ్లిపోతే మాత్రం ఆ కనెక్షన్ పోయినట్టే. కాబట్టి:

1. వినే సాకెట్‌ని ఈవెంట్ లూప్ నుంచి తీసేయండి. ఇక యాక్సెప్ట్ జరగదు.
2. పట్టికను మరోసారి చూడండి. ఏదైనా చేరి ఉంటే సాకెట్‌ని లూపులో మళ్లీ పెట్టి మామూలుగా సాగిపోండి.
3. ఖాళీ అయితే ఎస్‌డీ-నోటిఫైతో (సిస్టమ్‌డికి కబురు పంపే ఫంక్షన్) "స్టాపింగ్=1" పంపండి. ఇక వెనక్కి తిరగడం లేదు.
4. రాయాల్సిన ఫైళ్లు ఏమైనా మిగిలితే డిస్కుకి పంపి, కోడ్ 0తో ముగించండి.

ఈ దారిలో రెండు గుంటలున్నాయి. వినే సాకెట్ మీద షట్‌డౌన్ కాల్ చేయకండి. క్లోజ్ మన కాపీని మాత్రమే మూస్తుంది, షట్‌డౌన్ సాకెట్‌నే మూసేస్తుంది, సిస్టమ్‌డి చేతిలోని కాపీ కూడా పనికిరాకుండా పోతుంది. సాకెట్ ఫైలుని అన్‌లింక్ చేయడమూ అలాంటిదే. విడిగా నడిపే రోజుల్లో రాసుకున్న శుభ్రం చేసే కోడు ఇక్కడ కొంప ముంచుతుంది.

డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే వ్యవస్థ) సర్వీసైతే వరుస మారుతుంది. ముందు "స్టాపింగ్=1" పంపాలి. అప్పుడు సిస్టమ్‌డి కొత్త స్టార్ట్ కోరికలను, సర్వీసు నడుస్తూనే ఉందనుకోకుండా, క్యూలో ఉంచుతుంది. తర్వాత బస్ పేరు (క్లయింట్లు మనల్ని పిలిచే పేరు) వదులుకుని, వదిలినట్టు జవాబు వచ్చేదాకా ఆగాలి. అంతకుముందే వచ్చి చేరిన మెసేజ్‌లన్నిటికీ జవాబులిచ్చి, అప్పుడు ముగించాలి. పేరు వదలకుండా ప్రాసెస్ ముగిస్తే, దారిలో ఉన్న మెసేజ్‌కి "జవాబు రాలేదు" అన్న ఎర్రరే మిగులుతుంది. ఆ చివరి మెసేజ్‌లలో ఒకటి పెద్ద పని తెచ్చిపెడితే? చేసి, ముగించి, వెళ్లండి. మళ్లీ పేరు తీసుకుని కూర్చోవాలని చూడకండి.

6. యూనిట్ ఫైల్లో చూసుకోవాల్సినవి

- టైప్=నోటిఫై. పైన చెప్పిన కబుర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇదే సరైనది.
- రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్. "ఆల్వేస్" పెడితే ఖాళీగా ఉండి ఆగిన ప్రతిసారీ లేపేస్తుంది, ఇంత శ్రమా వృథా.
- కిల్‌మోడ్‌ని "నన్" చేసి చైల్డ్‌ని బతికించాలని చూడకండి. సిస్టమ్‌డి ఆ విలువను వద్దని హెచ్చరిస్తుంది. దిక్కులేని ప్రాసెస్‌లు మిగిలిపోతాయి.
- ఫైళ్లు నిలవాలంటే రన్‌టైమ్‌డైరెక్టరీప్రిజర్వ్=ఎస్. పూర్తి కాని పనుల జాబితా రీబూట్ తర్వాత కూడా కావాలంటే స్టేట్‌డైరెక్టరీ.

మార్చడానికి వీల్లేని పాత ప్రోగ్రాం అయితే సిస్టమ్‌డి 250 నుంచి ఎగ్జిట్‌టైప్=సీగ్రూప్ ఉంది. మెయిన్ ప్రాసెస్ పోయినా, సీగ్రూపులో ఒక్క ప్రాసెస్ మిగిలి ఉన్నా సర్వీసు నడుస్తున్నట్టే లెక్క, చైల్డ్‌ని చంపరు. టైప్=వన్‌షాట్‌తో ఇది కుదరదు. సాకెట్ యాక్టివేషన్‌తో వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: సర్వీసు నడుస్తోందనుకున్నంతసేపూ సిస్టమ్‌డి సాకెట్ వైపు చూడదు. మెయిన్ పోయి చైల్డ్ మాత్రమే మిగిలితే, కొత్త క్లయింటు ఆ చైల్డ్ ముగిసేదాకా బయటే నిలబడతాడు.

నాకు నచ్చిన దారి వేరు. ఒక్కో పెద్ద పనినీ సిస్టమ్‌డి-రన్‌తో విడి తాత్కాలిక యూనిట్‌గా నడపండి. అప్పుడు మన సర్వీసు ఆగినా, అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయినా టెసరాక్ట్ పని సాగుతుంది. యూనిట్ పేర్లకి ఒకే ఉపసర్గ పెట్టుకుంటే, లేవగానే వాటి జాబితా తీసి పట్టికలో మళ్లీ చేర్చుకోవచ్చు.

7. బయటి నుంచి ఆపమంటే

అడ్మిన్ స్టాప్ కొడితే పట్టికలో ఏముందో సిస్టమ్‌డికి పట్టదు. సిగ్‌టర్మ్ వస్తుంది, టైమౌట్‌స్టాప్‌సెక్ (సాధారణంగా డిఫాల్ట్ 90 సెకన్లు, ఇప్పటి ఫెడోరాలో 45) దాటితే సిగ్‌కిల్. కొత్త పనులు తీసుకోవడం ఆపి, నడుస్తున్నవి ముగించండి. సమయం చాలదనిపిస్తే ఎక్స్‌టెండ్-టైమౌట్-యూసెక్ కబురు పంపి గడువు పెంచుకోవచ్చు, ఆ గడువు తీరకముందే మళ్లీ పంపుతూ ఉండాలి. మెషీన్ షట్‌డౌన్, స్లీప్ ఆపాలంటే సిస్టమ్‌డి-ఇన్‌హిబిట్ ఉంది. దాంట్లో "డిలే" రకం డిఫాల్ట్‌గా 5 సెకన్లకు మించి ఆపదు.

8. పరీక్ష

ఐడిల్ సమయాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకునేలా చేసి, 2 సెకన్లు పెట్టి నడపండి. 30 సెకన్లతో రోజంతా పట్టే పరీక్షలు చాలా త్వరగా అయిపోతాయి.

- ☐ నిమిషం పట్టే పని ఇచ్చి, క్లయింటుని వెంటనే మూసేయండి. మెయిన్‌పీఐడీ (మెయిన్ ప్రాసెస్ నంబరు) మారకూడదు.
- ☐ పని నడుస్తుండగా క్లయింటుని కిల్-9తో చంపండి. పని ముగిశాక సర్వీసు 2 సెకన్లలో ఆగాలి.
- ☐ చైల్డ్‌ని కిల్-9తో చంపండి. దాని వరుస పట్టికలోంచి పోవాలి.
- ☐ క్యూలో ఐదు పనులు పెట్టి, ఒకటొకటిగా నడిచేలా చేయండి. మధ్యలో ఎక్కడా ఆగకూడదు.
- ☐ రెండు సెకన్లకు కాస్త అటూఇటూగా ఆగుతూ కొన్ని వేలసార్లు కనెక్టయ్యే స్క్రిప్టు రాయండి. ఒక్క కనెక్షన్ కూడా జవాబు లేకుండా తెగకూడదు. స్టార్ట్ లిమిట్ అడ్డొస్తే ఈ పరీక్ష వరకు సడలించండి.
- ☐ పని నడుస్తుండగా రీస్టార్ట్ కొట్టండి. లేచాక పట్టికలో పాత పనులు కనబడాలి.

9. ఇంకా ఆగిపోతుంటే, లేదా అసలు ఆగకపోతే

సర్వీసు పట్టిక సారాన్ని ఎస్‌డీ-నోటిఫై స్టేటస్ లైన్‌లో పంపండి: "చైల్డ్ 2, జవాబు 1, పాతది 40 నిమిషాలు". సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టగానే కనబడుతుంది. ఆగే ముందు కూడా జర్నల్లో ఒక లైను రాయండి.

పని మధ్యలో ఆగింది, అప్పుడు పట్టిక ఖాళీ అని రాసుంది అంటే ఏదో ఒక రకం పని పట్టికలోకి ఎక్కడం లేదు. రెండో అడుగులోని కాగితం మళ్లీ తీయండి. లైబ్రరీ లోపల మొదలయ్యే థ్రెడ్లు ఎక్కువగా తప్పిపోతాయి.

అసలు ఆగడం లేదంటే అన్నిటికంటే పాత వరుస రకం చూడండి. చైల్డ్ అయితే వెయిట్‌పీఐడీ పిలవక జాంబీగా (ముగిసినా కెర్నల్ లెక్కలో మిగిలిన ప్రాసెస్) మిగిలిందేమో చూడండి. టీసీపీ కనెక్షన్ అయితే అవతలి మెషీన్ కరెంటు పోయి ఆగిపోయి ఉంటుంది, వీడ్కోలు ప్యాకెట్ వచ్చే అవకాశమే లేదు. కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఉన్నారా అని తట్టి చూసే ఏర్పాటు) ఆన్ చేసినా లైనక్స్ డిఫాల్ట్ మొదటి పరీక్ష 7200 సెకన్ల తర్వాతే. ఆ సాకెట్‌కి విడిగా 60 సెకన్లు పెట్టుకోండి, యూనిక్స్ సాకెట్లకి ఈ బెడద లేదు.